పన్నెండు గేట్ల ఓడ

మా మామ నేవీలో పనిచేశాడు. మా బంధువుల్లో అందరికీ తెలిసింది ఈ ఒక్క ముక్కే. మిగతాది ఎవరికి తోచింది వాళ్లు కల్పించుకున్నారు. ఓడ నడిపాడని మా అమ్మ చెప్తుంది, సొంత అన్న గురించే అయినా. యుద్ధంలో తుపాకీ పేల్చాడని మా చిన్నమ్మ కొడుకు నమ్మకం. నేనూ ఇన్నేళ్లు ఓడే అనుకున్నాను.

నవంబర్ చివర్లో ఒక రాత్రి ఫోన్ చేశాడు. "అల్లుడా, డిసెంబర్ నాలుగు తారీఖుకు పాలమూరు దిక్కు పోవాలె. నా దోస్తు ఉన్నడు ఆడ. కారు తీస్కరా." ఆయనకు డెబ్బై ఐదేళ్లు, బస్సు ఎక్కితే మోకాళ్లు పట్టేస్తాయి. ఒక్క రోజులో పోయి రావచ్చు కదా మామా అన్నాను. "సక్కగ పోతె ఏం మజా ఉంటది? సాగర్ మీదికెళ్లి పోదం" అన్నాడు. నాలుగు రోజులు సెలవు పెట్టాను.

మొదటి రోజు: నల్లగొండ

చౌటుప్పల్ దాకా చెప్పుకోవడానికి ట్రాఫిక్ తప్ప ఏమీ లేదు. నార్కట్‌పల్లి దగ్గర నల్లగొండ రోడ్డెక్కాక వడ్లు మొదలయ్యాయి. వానాకాలం కోతలు అయిపోయాయి. ఊరు వచ్చిన చోటల్లా రోడ్డు అంచున ధాన్యం ఆరబోసి, టార్పాలిన్ల చివరలకు రాళ్లు పెట్టారు. మధ్యలో సర్పంచ్ ఎన్నికల ఆటోలు మైకులతో తిరుగుతున్నాయి.

మామ ఇంట్లో అన్నం తిని సాయంత్రం పానగల్లు వెళ్లాం. ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద పొద్దంతా ఒక స్తంభం నీడ కదలకుండా నిలబడుతుంది. దాని వెనకున్న లెక్క గురించి నేను ఫోన్‌లో వెతుకుతుంటే మామ అప్పటికే బయటికి నడిచాడు. ఆయన చూడాలనుకున్నది గుడి కాదు, పక్కనున్న ఉదయ సముద్రం. కందూరు చోడుల కాలం నాటి చెరువు అది. ఇప్పుడు కృష్ణా నీళ్లు వచ్చి చేరే రిజర్వాయర్. కట్ట మీద గాలి చల్లగా ఉంది.

"మనోళ్లు చెరువును సముద్రం అన్నరు జూడు. నాకు పదిహేడేండ్లు వచ్చేదాక సముద్రం అంటె గిదే" అన్నాడు.

1967లో ఆయన నేవీలో చేరాడు. వాళ్ల ఊరి నుంచి నలుగురు కలిసి వెళితే ఇద్దరిని డాక్టర్లు తిప్పి పంపారట. కాళ్ల ఎముకలు వంగాయని. ఫ్లోరైడ్ నీళ్లు. ఆ ఇద్దరి పేర్లు ఇప్పటికీ చెప్తాడు. వాళ్లే తనకంటే బాగా ఈదేవాళ్లని కూడా చెప్తాడు.

"మరి ఏ ఓడ నడిపావు మామా?"

ఆగి నా వైపు చూశాడు. "ఓడ నడిపినోన్ని గాదురా. నేను స్క్వాడ్రన్ మనిషిని. విమానాల మెకానిక్‌ను. మూడు వందల నంబర్."

అంటే నేవీలో ఒక విమానాల దళం, ఇండియన్ నేవల్ ఎయిర్ స్క్వాడ్రన్ 300. దాని గుర్తు తెల్లపులి, అందుకే వైట్ టైగర్స్ అంటారు. ఓడ మీది నుంచి ఎగిరే యుద్ధవిమానాల కోసం మన నేవీ పెట్టుకున్న మొదటి స్క్వాడ్రన్ ఇదే. 1960 జూలై 7న బ్రిటన్‌లోని బ్రాడీ అనే స్థావరంలో పుట్టింది. అప్పటికి వాళ్లు ఎక్కాల్సిన ఓడ ఐఎన్ఎస్ విక్రాంత్ ఇంకా చేతికి రాలేదు. బెల్‌ఫాస్ట్‌లో తయారై 1961 మార్చి 4న అందింది.

"ఓడ కంటె మేమే ఎనిమిది నెలలు పెద్ద" అన్నాడు మామ, అదేదో తన వయసు అయినట్టు.

రెండో రోజు: సాగర్, దేవరకొండ

పొద్దున్నే ఉప్మా తిని బయల్దేరాం. నిడమనూరు దాటాక రోడ్డు సన్నబడింది. ఒక చోట రోడ్డులో కుడి సగం మొత్తం వడ్లే. ఎదురుగా ట్రాక్టర్. నేను బ్రేక్ మీద కాలు పెట్టి, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, ఆ మిగిలిన సగంలోంచి పాములా దూరాను. మామ నవ్వుతున్నాడు.

"టెన్షన్ పడకు. నీకు రోడ్డు కదులుత లేదు గద."

ఆ మాట దగ్గర మొదలుపెట్టాడు. సీ హాక్ అనే విమానం. ఒక్క ఇంజన్, ఒక్క పైలట్, ముక్కు కింద నాలుగు 20 మిల్లీమీటర్ల ఫిరంగులు, పైకి మడుచుకునే రెక్కలు. దిగేటప్పుడు గంటకు దాదాపు 200 కిలోమీటర్ల వేగం ఉంటుంది. కింద డెక్కేమో ముందుకు పోతుంటుంది, పైకీ కిందికీ ఊగుతుంటుంది. డెక్ మీద అడ్డంగా ఉక్కు తాళ్లు కట్టి ఉంటాయి. విమానం తోక కింద కొక్కెం ఉంటుంది. ఆ కొక్కెం ఏదో ఒక తాడును పట్టుకోవాలి.

"పట్టుకోకపోతే?"

"గందుకే చక్రాలు డెక్‌కు తగలంగనే ఇంజన్ ఫుల్లు ఇస్తరు. తాడు దొరికితె ఆగుతది. దొరకకపోతె మల్ల లేస్తది."

ఆపడానికి దిగుతూ ఇంజన్ పెంచడమా? మొదట నాకు ఎక్కలేదు. విక్రాంత్ దిగే దారి ఓడ పొడవునా నేరుగా ఉండదని, కొంచెం పక్కకు వాలి ఉంటుందని, తాడు తప్పిన విమానం ముందు నిలిపి ఉంచిన విమానాలకు తగలకుండా పక్క నుంచి గాల్లోకి వెళ్లిపోతుందని హాలియా వచ్చేదాకా డాష్‌బోర్డు మీద వేలితో గీసి చెప్పాడు. ఆ ఓడ మీద జెట్ విమానాన్ని మొట్టమొదట దించిన భారతీయుడు ఆర్.హెచ్. తహిలియానీ. 1961 మే 18న. తర్వాత ఆయనే నౌకాదళానికి అధిపతి అయ్యాడు.

సాగర్‌లో గేట్లన్నీ మూసి ఉన్నాయి. డిసెంబర్ కదా. కింది వంతెన మీద కారు ఆపి డ్యామును చూస్తూ నిలబడ్డాం. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు, 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది. ఇవి మా బడి పుస్తకంలోనే ఉండేవి. మామకు అది పుస్తకం కాదు. చిన్నప్పుడు వాళ్ల నాయనతో వచ్చి చూశాడు. కొండంత గోడను రాయి మీద రాయి పేర్చి మనుషులు కట్టారు. తలల మీద తట్టలతో బారులు బారులుగా ఎక్కేవాళ్లట. ఆ బారుల్లో పాలమూరు కూలీలు చాలామంది. రేపు కాదు ఎల్లుండి మేం కలవబోయే దోస్తు వాళ్ల నాయన కూడా ఇక్కడ రాళ్లు మోశాడు. దోస్తు పుట్టింది పాలమూరులోనే అయినా పెరిగింది సాగర్ గుడిసెల్లో.

"గేట్లు లెక్కపెట్టు" అన్నాడు మామ.

"ఇరవై ఆరు."

"పన్నెండు లెక్కపెట్టి ఆపు."

ఎడమ నుంచి పన్నెండు లెక్కపెట్టి ఆపాను.

"గంతే. గదే విక్రాంత్."

నేను ఆ పన్నెండు గేట్లనే చూస్తూ ఉండిపోయాను. ఓడ పొడవు దాదాపు 700 అడుగులు అని అంతకుముందు ఎక్కడో చదివాను, కానీ అంకె చదివితే కళ్లకు కట్టదు. మొత్తం గేట్ల వరుసలో సగం కూడా లేదు. అందులో మూడు నాలుగు గేట్ల దూరంలోనే విమానం ఆగిపోవాలి. మిగతా జాగాలో మరో పది విమానాలు రెక్కలు మడుచుకుని నిలబడి ఉంటాయి. వాటి మధ్య మనుషులు తిరుగుతుంటారు. ఇంజన్ గాలి తగిలితే మనిషి లేచి సముద్రంలో పడతాడు.

"లేవాలంటే?"

"ఆవిరితోని. కేటపల్ట్ అంటరు. వడిసెల తీర్గ. విమానాన్ని ఉక్కు తాడుతోని కొండికి కట్టి ఆవిరి కొడితె, కండ్లు మూసి తెరిచేలోపట గాల్ల ఉంటది. కాని ఓడ గాలికెదురు ఉరుకాలె. తూర్పార పట్టేటోడు గాలి ఎటున్నదో చూసి నిలబడతడు చూడు? గట్లనే కెప్టెన్ గాలిని చూసి ఓడను తిప్పుతడు. గాలి లేనినాడు ఓడనే ఉరికి గాలి పుట్టియ్యాలె."

ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. 1971 నాటికి విక్రాంత్ బాయిలర్లలో ఒకదానికి పగుళ్లు. ఓడ పూర్తి వేగంతో పోలేదు. పోకపోతే గాలి చాలదు, గాలి చాలకపోతే విమానం లేవదు. 1965 యుద్ధంలో కూడా విక్రాంత్ మరమ్మతులో ఉంది. డ్రై డాక్‌లో ఉన్న ఆ ఓడను ముంచేశామని పాకిస్తాన్ ప్రకటించుకుంది కూడా. "మేం మునిగినం అని మేమే రేడియోల ఇన్నం" అని పాతవాళ్లు మామకు చెప్పి నవ్వేవాళ్లట. నవ్వినా లోపల గుచ్చుకునేది. రెండోసారి కూడా ఒడ్డునే ఉంచుతారేమోనని స్క్వాడ్రన్‌లో అందరికీ భయం.

హిల్ కాలనీలో చేపల వేపుడు తిన్నాం. ముళ్లు ఎక్కువ, ఉప్పు ఎక్కువ. మల్లేపల్లి మీదుగా దేవరకొండ చేరేసరికి పొద్దు వాలింది. ఏడు కొండల మధ్య పద్మనాయకులు కట్టిన కోట కింది నుంచే చూశాం. ఎక్కుతానని మామ అన్నాడు, ఆయన మోకాళ్లు ఒప్పుకోలేదు.

ఆ రాత్రి లాడ్జిలో రెండు గంటలు కరెంటు లేదు. దోమలు. చీకట్లో మంచం మీద పడుకుని మామ ఘాజీ కథ చెప్పాడు. ఇది చాలామందికి తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెప్తాను. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ బంగాళాఖాతంలోకి వచ్చింది విక్రాంత్‌ను వెతుక్కుంటూ. తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ విక్రాంత్‌ను అండమాన్ దిక్కు పంపేసి, ఓడ వైజాగ్ దగ్గరే ఉందన్నట్టు నమ్మించాడు. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అనే పాత ఓడతో విక్రాంత్ లాగా సందేశాలు పంపించాడు. ఓడంత మందికి సరిపడా సరుకులు కావాలని వైజాగ్ కాంట్రాక్టర్లకు ఆర్డర్లు కూడా వెళ్లాయి. డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక వైజాగ్ ముందు ఘాజీ పేలి మునిగింది. రాజ్‌పుత్ వేసిన బాంబుల వల్ల అని మనవాళ్లు, లోపలి పేలుడు వల్ల అని వాళ్లు.

"వైజాగ్‌ల కూరగాయలు అమ్మినోళ్లకు ఎవలకన్న పతకం ఇచ్చిన్రా?" అని అడిగాడు మామ చీకట్లోంచి. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

మూడో రోజు: డిండి, సోమశిల

ఈ రోజు గురించి రాయాలంటే ఒక మోటార్‌సైకిల్ గురించి రాయాలి.

డిండి ప్రాజెక్టు దగ్గర శ్రీశైలం రోడ్డు మీద చాయ్ కోసం ఆగాం. హోటల్ ముందు పాల క్యాన్లు కట్టిన బండి ఒకటి నిలబడి ఉంది. మామ చాయ్ గ్లాసు పక్కన పెట్టి దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. బూడిద రంగు బండి. ట్యాంకుకు రెండు వైపులా మోకాళ్లు రాసుకునే చోట పెయింటు పోయి తెల్లబడింది. పాలు కారి ఎండిన చారలు. ట్యాంకు పైన ఉమామహేశ్వరం స్టిక్కర్.

బజాజ్ వి15. విక్రాంత్ 1997 జనవరి 31న సేవ నుంచి తప్పుకుంది. ముంబైలో 2012 దాకా మ్యూజియంగా ఉంచారు. నడపలేక మూసేసి, దాదాపు 60 కోట్లకు తుక్కు కింద అమ్మేశారు. 2014లో ముక్కలు చేయడం మొదలైంది. ఆ ఇనుములో కొంత కొని, కరిగించి బజాజ్ కంపెనీ 2016లో ఈ బండి తెచ్చింది. అప్పట్లో ప్రకటనలన్నీ దాని మీదే.

బండాయన నలభై ఏళ్ల మనిషి, మెడలో మఫ్లర్.

"తమ్మీ, ఈ బండిల ఓడ ఉన్నదని తెలుసా నీకు?" అని అడిగాడు మామ.

"టైర్లు మంచిగున్నయని కొన్న సార్. సెకండ్ హ్యాండ్. ఇరవై ఎనిమిది వేలు."

"యుద్ధం ఓడ. నేను దాంట్ల పనిచేసిన."

ఆయన మామను కింది నుంచి పైకి చూశాడు. తర్వాత బండిని చూశాడు. ఏం అనాలో తెలియక, "జర కూసుంటరా?" అన్నాడు.

మామ కూర్చోలేదు. అరచెయ్యి తీసి ట్యాంకు మీద పెట్టాడు. ఎండకు కాలింది కాబోలు, ఒకసారి తీసి మళ్లీ పెట్టాడు. "డెక్ గిట్లనే కాలేది, బూట్ల లోపల్నుంచి" అన్నాడు. ఆ చెయ్యి నేను చూస్తూనే ఉన్నాను. బొటనవేలి గోరు సగమే ఉంటుంది మామకు. చిన్నప్పటి నుంచి అది చూస్తున్నాను కానీ ఎందుకని ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు అడిగాను. సీ హాక్ ఇంజన్ మూత దించుతుంటే ఓడ ఊగి మీద పడిందట. "మంచిది, సగం మిగిలింది" అన్నాడు.

ట్యాంకును నాలుగు ఫొటోలు తీయించుకున్నాడు నాతో. బండాయన చాయ్ డబ్బులు తనే ఇచ్చాడు, ఎంత చెప్పినా వినకుండా.

అచ్చంపేట దాకా మామ ఏం మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "ఓడలు గింతే. స్క్వాడ్రన్ గట్ల గాదు" అన్నాడు. ఓడకు ఒక ఒళ్లు ఉంటుంది, అది అరిగిపోతుంది. స్క్వాడ్రన్‌కు ఉండేది నంబరు, గుర్తు. విమానాలు మారుతుంటాయి, ఓడలు మారుతుంటాయి, అది మాత్రం ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి పోతూ ఉంటుంది. ఇదీ ఆయన వాదన. అందులో కొంచెం గర్వం కూడా ఉంది, రేపు దోస్తు ముందు వాడుకోవడానికి అట్టిపెట్టుకున్నట్టు. దోస్తు ఓడ మనిషి మరి. స్క్వాడ్రన్‌కు చెందడు, విక్రాంత్‌కు చెందినవాడు. డెక్ మీద పసుపు రంగు చొక్కా వేసుకుని, చేతులతో సైగలు చేస్తూ విమానాలను అటూ ఇటూ నడిపించేవాడు.

సీ హాక్‌లు ముసలివయ్యాక సీ హారియర్లు వచ్చాయి. మొదటి మూడు 1983 డిసెంబర్ 16న గోవాలోని దబోలిం చేరాయి. నాలుగు రోజులకే అరుణ్ ప్రకాశ్ ఒకదాన్ని విక్రాంత్ మీద దించాడు. 1971లో వాయుసేన హంటర్ విమానాలతో యుద్ధం చేసి వీరచక్ర తెచ్చుకున్న నేవీ పైలట్ ఆయన. తహిలియానీ లాగే ఆయనా నౌకాదళ అధిపతి అయ్యాడు. మామ ఆ రోజు విక్రాంత్ మీదే ఉన్నాడు.

"నిలువుగ దిగుతదంటె నమ్మలే. ఓడ పక్కకొచ్చి గాల్ల ఆగింది. తూనీగ ఆగినట్టు. గట్లనే పక్కకు జరిగి డెక్ మీద కూసున్నది. తాడు లేదు, కొక్కెం లేదు. మా అందరికి సంబురమే గాని తాళ్లు చూసుకునేటోళ్లు మాత్రం పనిపోయినట్టు నిలబడ్డరు."

సీ హారియర్లు మంచి విమానాలే కానీ నడపడం కష్టం. తర్వాతి ఏళ్లలో ప్రమాదాల్లో చాలా పోయాయి, పైలట్లూ పోయారు. మామ 1987లో రిటైర్ అయ్యాడు. ఆ ఏడాదే మే 12న బ్రిటన్ వాళ్ల హెర్మిస్ ఓడ మన ఐఎన్ఎస్ విరాట్ అయింది, ఫాక్‌లాండ్ యుద్ధంలో వాళ్లకు అదే ప్రధాన నౌక. తెల్లపులులు దాని మీదికి మారాయి. తర్వాతి ఇరవై తొమ్మిదేళ్లూ ఆయన పేపర్లలోనే చదివాడు. రాడార్ మార్చారని, ఇజ్రాయెల్ డెర్బీ క్షిపణి పెట్టారని. 2016 మే 11న గోవాలో సీ హారియర్లకు వీడ్కోలు చెప్పి, అదే రోజు స్క్వాడ్రన్ 300 మిగ్-29కె విమానాలకు మారింది.

మిగ్‌లు ఎగిరేది సీ హారియర్ లాగా డెక్ చివర ఎత్తు కట్టిన వాలు మీది నుంచి. దిగేది మాత్రం సీ హాక్ లాగా, తోక కొక్కెంతో, తాడు పట్టుకుని. ముప్పై ఏళ్లకు పైగా తాడు ముట్టని స్క్వాడ్రన్ మళ్లీ తాడు దగ్గరికే వచ్చింది. ఈ సంగతి చెప్తున్నప్పుడు మామ ముఖం చూడాలి. అత్తగారి ఇంటికి మళ్లీ మొదటి అల్లుడే వచ్చినంత ఆనందం.

కొల్లాపూర్ దాటి సోమశిలలో దిగేసరికి సాయంత్రం నాలుగున్నర. శ్రీశైలం నీళ్లు వెనక్కి తన్నిన కృష్ణ. ముంపులో పోకుండా పాత గుళ్లను ఊడదీసి తెచ్చి ఇక్కడ మళ్లీ కట్టారు. రాళ్ల మీద ఎక్కడిది ఎక్కడ పెట్టాలో అప్పట్లో వేసిన నంబర్ల కోసం మామ కాసేపు వెతికాడు. మెకానిక్ బుద్ధి. ఒడ్డున జొన్న రొట్టె, పచ్చి పులుసు తిని కొల్లాపూర్‌లో పడుకున్నాం.

నాలుగో రోజు: దేవరకద్ర దాటాక

డిసెంబర్ 4. నేవీ డే. 1971లో ఈ రాత్రే మన క్షిపణి పడవలు కరాచీ మీద పడ్డాయి, అందుకని ఆ పేరు. తూర్పు వైపు ఆ పొద్దున జరిగింది మాత్రం మామ కథ.

వనపర్తి దాటాక చెప్పాడు. ఎప్పటిలాగా సైగలు, నవ్వులు లేవు. అండమాన్ నుంచి పైకి వచ్చిన విక్రాంత్ మీద పొద్దున్నే ఎనిమిది సీ హాక్‌లు వరుసగా నిలబడ్డాయి. స్క్వాడ్రన్ నాయకుడు లెఫ్టినెంట్ కమాండర్ ఎస్.కె. గుప్తా. ఒక్కొక్కటి కేటపల్ట్ మీదికి వెళ్లడం, ఆవిరి లేవడం, పోవడం. అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్ విమానాశ్రయం మీదికి.

"పోయినంక ఏం పని ఉండది అల్లుడా. మెకానిక్‌కు విమానం లేకపోతె చేతులు ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వది. నేను స్పానర్లు తుడిచిన. తుడిచినయే మల్ల తుడిచిన. గంతల ఎవడో అరిశిండు. లెక్కపెట్టినం. ఒకటి, రెండు... ఏడు దాక కనబడ్డయ్. ఎనిమిదోది కొంచెం వెనక ఉండె. ఆ కొంచెం సేపు..."

వాక్యం పూర్తి చేయలేదు. ఎనిమిదీ దిగాయి. అదే మధ్యాహ్నం చిట్టగాంగ్ మీదికి మళ్లీ లేచాయి. తర్వాతి పది రోజులు చిట్టగాంగ్, ఖుల్నా, నదీ ముఖాల్లో ఓడలు, పడవలు. తూటా దెబ్బలు తిని వచ్చిన రెక్కలకు రాత్రి మాటు వేసి పొద్దున పంపేవాళ్లు. పగిలిన బాయిలర్‌తోనే ఓడ నడిచింది. ఓడ కెప్టెన్ స్వరాజ్ ప్రకాశ్‌కు, గుప్తాకు మహావీర చక్ర వచ్చింది. మామకు ఒక సర్వీసు పతకం వచ్చింది, అది మా అత్త బీరువాలో గాజుల డబ్బాలో ఉంటుంది.

పాలమూరుకు మహబూబ్‌నగర్ అని ఆరో నిజాం పేరు పెట్టింది కూడా డిసెంబర్ 4నే, 1890లో అంటారు. ఫోన్‌లో చూసి చెప్తే, "ఇయ్యాల పేర్లు పెట్టే దినమన్నట్టు" అని కిటికీలోంచి బయటికి చూశాడు.

దేవరకద్ర దాటాక ఎడమకు తిరిగి ఒక ఊరు. పేరు రాయను. సన్నని సందు చివర పెంకుటిల్లు, గేటు ముందు వేపచెట్టు. పెద్దాయన చెట్టు కింద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. సన్నగా, నల్లగా, తెల్ల బనీను. కారు శబ్దానికి తల తిప్పలేదు. మామ ఎదురుగా వెళ్లి నిలబడ్డాక చూశాడు. లేచాడు. రెండు చేతులూ బారుగా చాపి, నెమ్మదిగా ముందుకు తెచ్చి, తన భుజాలను తానే కావలించుకున్నాడు.

"రెక్కలు మడువుమంటుండు" అన్నాడు మామ నాతో. గొంతు మారింది. "ఓడ మీదికొచ్చిన విమానానికి చెప్పే సైగ." తర్వాత ఇద్దరూ నిజంగానే కావలించుకున్నారు.

ఆయనకు వినపడదు. ఇరవై ఏళ్లు జెట్ ఇంజన్ల పక్కన నిలబడ్డాడు. అప్పట్లో చెవులకు పెట్టుకునేవి అంతంతమాత్రం. పెద్దమ్మ మాకు నీళ్లిచ్చి, "ఇంట్ల ఎవ్వలి మాట ఇనడు. మీ దోస్తు వొస్తే మాత్రం ఇద్దరు చేతులతోని ముచ్చట్లు పెడతరు" అంది. ఆమె అన్నట్టే జరిగింది. గంటసేపు నేను చూస్తూ కూర్చున్నాను. మామ బొటనవేలు కిందికి చేసి అరచేతికి ఆనించాడు, కొక్కెం దించమని. పెద్దాయన పకపకా నవ్వాడు, ఎవరి గురించో. వేళ్లతో ఎనిమిది చూపించుకున్నారు. అప్పుడు మాత్రం నవ్వలేదు.

అన్నాలయ్యాక మామ ఫోన్ తీసి బండి ఫొటో చూపించాడు. పెద్దాయనకు ముందు అర్థం కాలేదు. మనవడు బజాజ్ సంగతి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి చూపించాడు. ఆయన అద్దాలు పెట్టుకుని, ఫొటోను రెండు వేళ్లతో పెద్దది చేసి, ట్యాంకు ఒక్కటే తెర నిండా కనిపించేలా పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. బొటనవేలు, చూపుడువేలు రాస్తూ ఎంత అని అడిగాడు. మామ వేళ్లతో ఇరవై ఎనిమిది చూపించాడు.

"అగ్గువకు పోయింది!" అన్నాడు గట్టిగా. చెవిటివాళ్ల గొంతు. పక్కింటి కోళ్లు బెదిరాయి.

ఇదే అదను అనుకున్నాడేమో మామ, రెండు రోజులుగా దాచుకున్నది బయటికి తీశాడు. కాగితం లాక్కుని రాశాడు: "నీ ఓడ పోయింది. నా 300 ఉన్నది." కింద మిగ్-29కె అని, 2025 ఏప్రిల్‌లో 26 రఫేల్ మెరైన్ విమానాలకు ఒప్పందం అయిందని కూడా రాశాడు.

పెద్దాయన చదివాడు. పెన్ను అడగలేదు. వంగి, వేపచెట్టు కింది దుమ్ములో వేలితో ఇంగ్లీషు అక్షరాలు రాశాడు: ఆర్ 11. పాత విక్రాంత్ మీద ఉన్న నంబరు. దాని కింద 2022 అని రాశాడు. ఆ సెప్టెంబర్ 2న కొచ్చిలో సేవలో చేరిన కొత్త ఓడ పేరూ విక్రాంతే, నంబరూ ఆర్ 11. మామ తెల్లపులులు ఎక్కి దిగే ఓడల్లో అదీ ఒకటి.

మామ దుమ్ములో రాసింది చూసి గొంతు సవరించుకున్నాడు. ఏదో అనబోయి, మజ్జిగ అడిగాడు.

పిల్లలమర్రి చూడాలనుకున్నాం గానీ పొద్దుపోయింది. కారు వెనక్కి తీయాలి. సందులో ఒక పక్క ఎవరివో వడ్ల కుప్పలు, ఇంకో పక్క ఎద్దుల గాటి. వెనక ఏం కనిపించడం లేదు. నేను దిగి చూద్దామనుకుంటుండగా అద్దంలో పెద్దాయన కనిపించాడు. కుర్చీ వదిలి, సందు మధ్యలో, కారు వెనక పది గజాల దూరంలో నిటారుగా నిలబడ్డాడు. రెండు చేతులూ పైకి లేచాయి.

"ఆయన చేతులే చూడు, వేరే ఏం చూడకు" అన్నాడు మామ.

కుడి చెయ్యి ఊపితే కుడికి, ఎడమ చెయ్యి ఊపితే ఎడమకు. మెల్లగా. ఇంకా మెల్లగా. ఉన్నట్టుండి రెండు చేతులూ తల మీదికెత్తి పిడికిళ్లు బిగించాడు. బ్రేక్ వేశాను. దిగి చూస్తే వెనక టైరుకు, వడ్ల కుప్పకు మధ్య జానెడు జాగా.

మళ్లీ ఎక్కి స్టీరింగ్ తిప్పాను. ఈసారి ముందుకు వచ్చి, నా కిటికీ పక్కన నిలబడి, రెండు పిడికిళ్లు దగ్గర పెట్టి బొటనవేళ్లు బయటికి తిప్పాడు.

"చక్రాల కింది దిమ్మెలు తీసిండు" అన్నాడు మామ. "ఇగ పోనీ."